తాడు పట్టిన ఇంగ్లీషు టీచరమ్మ

మా ఇంగ్లీషు టీచరమ్మ పోయారు. మొన్న మంగళవారం పొద్దున రొయ్యల గుంటల నుంచి పరీక్షకు వచ్చిన నీళ్ల సీసాలకు నా ల్యాబులో చీటీలు అంటిస్తుంటే ఫోను మోగింది. చేసింది నాతో పదో తరగతి చదివిన స్నేహితురాలు. ఆమె విడవలూరు ఆసుపత్రిలో నర్సు. చావు కబురు చెప్పడం ఆమెకు కొత్త కాదు. అయినా ఆ పొద్దు ముందు రెండు సార్లు నా పేరే పిలిచింది.

"టీచరమ్మ పోయిందిమే. రాత్రి నిద్దట్లోనే అంట."

అంటించాల్సిన చీటీ నా చేతిలోనే ఉండిపోయింది. ఫోను ఎవరం పెట్టేయలేదు. కాసేపటికి తనే, "లైన్లో ఉండావా?" అని అడిగింది. ఉన్నానన్నాను. ఆ మాట వినగానే ఇద్దరికీ ఏడుపొచ్చింది. ఏడుపు మధ్యలోనే నవ్వూ వచ్చింది. ఎందుకో చెప్పాలంటే టీచరమ్మ గురించి మొత్తం చెప్పాలి.

మర్నాడు చర్చి సమాధుల తోటకు మా పాళెం మొత్తం కదిలి వచ్చింది. విడవలూరుకు తూర్పున, సముద్రం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే ఊరు మాది. మావాళ్లలో చర్చికి వెళ్లేవాళ్లు ఎవరూ లేరు. ఆ రోజు పడవ నీళ్లలోకి దించకుండా, ట్రాక్టర్లలోనూ ఆటోల్లోనూ ఎక్కి వచ్చారు. చర్చి సంఘ పెద్ద ఒకాయన టీచరమ్మను అక్షర జ్యోతి అన్నాడు, విద్యా దీపం అన్నాడు. ఆమె వినుంటే, "ఆ దీపానికి రోజుకు నూనె ఎంత పడతాదో ముందు అడగండబ్బా" అనుండేవారు. పొగిడితే ఆమెకు ఒళ్లు మండేది. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరు గారు నా పక్కకు వచ్చి, "అక్కా, వీళ్లంతా ఎవరు? మా సంఘం వాళ్లు కాదు గదా?" అని మెల్లగా అడిగారు. పాట మొదలవడంతో నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఇది.

ఆమెది నెల్లూరు టౌను. మా విడవలూరు హైస్కూలుకు బదిలీ మీద వచ్చి, వారం రోజులు బస్సులో తిరిగి, ఆ బస్సుతో పోట్లాడి, విడవలూరులోనే ఇల్లు చూసుకున్నారు. గంజి పెట్టిన నేత చీర, నల్ల గొడుగు, ముంజేతి లోపలి వైపుకు తిప్పి కట్టుకున్న వాచీ. ఎండ లేకపోయినా గొడుగు వేసుకునేవారు. ఎందుకని అడిగితే, "తీసకచ్చిన పాపానికి వెయ్యాల గదా" అనేవారు. పిల్లల ఇళ్ల నుంచి ఏదీ తీసుకునేవారు కాదు. మునక్కాయ ఇచ్చినా, జామపండు ఇచ్చినా, ఆఖరికి కరివేపాకు రెమ్మ ఇచ్చినా వెనక్కి పంపేవారు. వాళ్ల నాయన ఊరూరా తిరిగి బైబిలు వాక్యం చెప్పిన మనిషట. చదువు చెప్పే చేయి చాపకూడదని కూతురికి నేర్పాడట. ఆ నియమం ఆమెకు ఎంత గట్టిగా ఉండేదంటే, చివరికి అదే మా కొంప ముంచబోయింది. ఆ సంగతికి వస్తాను.

పాఠం చెప్పే తీరు మాత్రం లోకంలో ఇంకెవరికీ లేదు. పుస్తకం పాటికి పుస్తకం నడిచేది. దానితో పాటు ఏడాదికి ఒక్క మాటను పట్టుకునేవారు. పెద్ద మాట కాదు, అందరికీ తెలిసిన పొట్టి మాట. దాన్ని బోర్డు మధ్యలో రాసి చుట్టూ సున్నా చుట్టి, "ఈ మాట ఎవురింట్లో ఉండాదో పోయి వెతకండి" అనేవారు. ఎవరు ఏం తెచ్చినా ఆ సున్నా చుట్టూ రాసేవారు. దాన్ని ఎవరూ చెరపకూడదు. లెక్కల సారు మిగిలిన మూలలో లెక్కలు ఇరికించి చెప్పుకోలేక, "ఈ పొద్దు మీ టీచరమ్మ నాకెంత జాగా ఇచ్చింది?" అని అడిగి మరీ క్లాసులోకి వచ్చేవాడు.

"మాటకు ఒకటే అర్థం అని ఎవురన్నా చెప్తే నమ్మబాకండి," అనేవారు ఆమె. "మనిషికి ఒకటే చుట్టరికం ఉంటాదా? మీకు నేను టీచర్ని, మా అక్కకు చెల్లెల్ని, బస్సు కండక్టరుకు చిల్లర లేకుండా ఎక్కే శనిని."

తొమ్మిదో తరగతిలో మాకు వచ్చిన మాట సెట్టు. పంపుసెట్టు నుంచి పెళ్లి సంబంధం సెట్టవడం దాకా పోయాం. పదో తరగతిలో వచ్చింది లైను.

మొదటి వారం ఎగబడి తెచ్చాం. ఒకడు కరెంటు లైను తెచ్చాడు. ఇంకొకడు దాని వెనకే లైన్‌మన్‌ను తెచ్చాడు. రేషను అంగడి ముందు కిరసనాయిలు కోసం నిలబడే లైను మా అమ్మ ఇచ్చింది. మనుబోలులో మేనమామ ఇంటికి వెళ్లొచ్చిన పిల్ల రైలు లైను తెచ్చింది. తాపీమేస్త్రి కొడుకు, గోడ వంకర పోకుండా వాళ్ల నాయన ఈ చివర నుంచి ఆ చివరకు కట్టే దారం తెచ్చాడు. దర్జీ కూతురు రవిక లోపల కుట్టే లైనింగు గుడ్డ ముక్క తెచ్చి, ఇది పనికొస్తుందా రాదా అని భయపడుతూ చూపించింది. టీచరమ్మ ఆ ముక్కను పైకెత్తి పట్టుకుని, "అన్నిటికన్నా పుట్టింటికి దగ్గరగా పోయింది ఇదే" అన్నారు. మాకు అర్థం కాలేదు. నేను మా నాయన లోతు నీళ్లలో వేసే పొడుగాటి గాలం తాడు గురించి చెప్పాను. వెనక బెంచీ వాళ్లు ఊరుకుంటారా? ఒకడు లేచి, "టీచర్, అమ్మాయికి లైనెయ్యడం కూడా రాసుకోవచ్చునా?" అన్నాడు. క్లాసంతా బిగుసుకుపోయింది. ఆమె తడుముకోకుండా బోర్డు మీద, నా గాలం పక్కనే, దాన్నీ రాశారు. "ఇదీ గాలమే నాయనా. కాకపోతే నువ్వు ఎర లేకుండా ఏస్తుండావు" అన్నారు. ఆ ఏడాదంతా వాడి పేరు ఎర అయిపోయింది.

తరువాత ఒక రోజు నెల్లూరు నుంచి కాగితం పొట్లం తెచ్చి, మా అందరి అరచేతుల్లో గోధుమరంగు గింజలు కాసిని పోశారు. నున్నగా, జారిపోయేలా ఉన్నాయి. అవిసె గింజలు. "ఇదిగో, దీని పుట్టిల్లు" అన్నారు. అవిసె కాడను నానబెట్టి, కొట్టి, నార తీస్తారట. ఆ మొక్కను రోము దేశపు పాతవాళ్లు లీనుం అనేవాళ్లట. దాని నారతో పేనిన దారం లీనియా. ఆ దారాన్ని రెండు కొసల మధ్య బిగించి పట్టుకుంటే వచ్చే తిన్నదనమే తర్వాత కాగితం మీద గీత అయింది. ఆ నారతో నేసిన బట్ట లినెన్. అంగీ లోపల ఆ బట్ట వేసి కుట్టడం లైనింగ్. చెక్కకు పూసే లిన్‌సీడ్ నూనె ఈ గింజ నుంచే తీస్తారు. అదే దారం ఓడల మీద ఇంగ్లండుకు పోయేసరికి లావెక్కి తాడైందట. తర్వాత ఫ్రెంచివాళ్ల వైపు నుంచి అదే మాట గీతగా మళ్లీ వచ్చింది. ఒకే తల్లి బిడ్డలు రెండు దారుల్లో వచ్చి ఒకే ఇంట్లో కలిశారన్నమాట.

ఆమెకు ఆ మాటంటే చివరిదాకా మోజు తీరలేదు. డెడ్‌లైన్ అనేది ఒకప్పుడు ఖైదీల చుట్టూ పెట్టిన హద్దు అనీ, దాటినవాణ్ణి కాల్చేసేవాళ్లనీ కనుక్కుని, నా ల్యాబుకు ఫోను చేసి మరీ చెప్పారు. "నీళ్ల రిపోర్టు లేటైందని నిన్నెవురూ కాల్చరు గానీ, అన్నం తిన్నావా?" అన్నారు అదే గుక్కలో. కరోనా రోజుల్లో పిల్లలంతా ఆన్‌లైను పాఠాలు వింటుంటే, "చూసినావా, తాడు కనపడకుండా పోయింది, పేరు మాత్రం పోలేదు" అని మురిసిపోయారు. నాకు ఇంగ్లీషు గొప్పగా రాదు. కానీ ఏ మాట విన్నా దాని ఊరు ఏదో అడగాలనిపిస్తుంది. అది ఆమె పెట్టిన బుద్ధి.

ఇక ఆ పదో తరగతి సంగతి. టీచరమ్మకు ఒక పట్టింపు ఉండేది. బోర్డు మీద రాసినదాన్ని చేత్తో తాకాలి. గింజ తాకాం, దారం తాకాం, గుడ్డ తాకాం. తాడు మిగిలింది. ఒక శనివారం పొద్దున మమ్మల్నందరినీ వెంటబెట్టుకుని, గొడుగు వేసుకుని, మా పాళెం ఒడ్డుకు వచ్చారు.

మా ఒడ్డున పెద్ద వల ఉంటుంది. పడవ దాన్ని సముద్రంలో అర్ధచంద్రంలా విడుచుకుంటూ తిరిగి వస్తుంది. రెండు కొసల తాళ్లు ఒడ్డునుంటాయి. రెండు వైపులా జనం నిలబడి లాగాలి. ఆ వలకు పెద్ద మా పెద్దనాయన, అంటే మా నాయనకు అన్న. టీచరమ్మ అడగ్గానే ఆయన మొహం వెలిగిపోయింది. బడి తన దగ్గరకు నడిచి రావడం ఆయన ఎప్పుడూ చూడలేదు. పిల్లలందరికీ తాడు మీద చోటు ఇప్పించాడు. లాగాం. దర్జీ కూతురు చేతులు ఎర్రబడ్డాయి. ఎర గాడు ఇసకలో వెల్లకిలా పడ్డాడు. ఆమె ఒడ్డున నిలబడి, "ఇదబ్బా లైనంటే!" అని అరుస్తున్నారు.

వల ఒడ్డుకు వచ్చింది. చేపలను కుప్పలు పోశారు. మా దగ్గర ఒక ఆచారం ఉంది. తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ వాటా. దారిన పోయేవాడు కాసేపు పట్టినా సరే, చిన్న పిల్ల పట్టినా సరే. పెద్దనాయన పిల్లలకు కుప్పలు పెట్టించాడు. పిల్లలను తెచ్చినందుకు టీచరమ్మకు కూడా ఒకటి పెట్టించాడు.

ఆమె రెండు చేతులూ ఊపేశారు. "వద్దు పెద్దాయనా, మేము తీసుకోకూడదు." అంతటితో ఆగితే బాగుండేది. మా వైపు తిరిగి, "మనం పాఠానికి వచ్చినాం, చేపలకు కాదు. అందరూ ఎక్కడివక్కడ పెట్టేయండి" అన్నారు. ఆమె మాటంటే మాకు ఎంత గురి అంటే, విడవలూరు పిల్లలతో పాటు మా పాళెం పిల్లలం కూడా మా నాయనల వల నుంచి వచ్చిన వాటాను తిరిగి కుప్పలో పెట్టేశాం.  పెద్దనాయన వల విదిలించుకుంటూ వెళ్లిపోయాడు.

సాయంత్రం మా ఇంటి ముందు కూర్చుని అన్నాడు.

"మా పిలకాయల చేత మా వాటానే వద్దనిపించింది. ఈ పొద్దు చేపలు వద్దన్నారు. రేపు మమ్మల్నే వద్దంటారు. ఆడపిలకాయలకు ఇంక చాలు చదువు."

వలకు పెద్ద చెప్పాడంటే పాళెంలో దానికి తిరుగు లేదు. సోమవారం మా పాళెం ఆడపిల్లలెవరం బడికి పోలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి. నేనూ, ఇప్పుడు నర్సుగా ఉన్న నా స్నేహితురాలూ ఇసకలో నెత్తళ్లు, ఆ వేలెడంత చేపలు, ఆరబోస్తూ, కాకుల్ని తోలుతూ కూర్చున్నాం. నాకు ఎంత భయమేసిందో ఇప్పుడు కూడా చెప్పలేను. ఆ వారం గనుక అట్లాగే ఇంకొక వారంలోకి పోయుంటే, ఇంక నేను ఆ ఎండు చేపల దగ్గర నుంచి లేచేదాన్ని కాదు. చాటున పెళ్లి మాటలు కూడా మొదలయ్యాయి.

కదిలింది మా అమ్మ. పెద్దనాయన మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. శనివారం చేపల గంప నెత్తిన పెట్టుకుని విడవలూరు పోయింది. అమ్ముకుని, ఖాళీ గంపతో టీచరమ్మ ఇంటి ముందు ఆగింది. ఆ రోజు ఏం మాట్లాడుకున్నారో అమ్మే తర్వాత చెప్పింది.

"అమ్మా, మీకు తెలీదు. అది మీకు పెట్టిన కానుక కాదు. తాడు పట్టిన చేతిది. అది తోసేస్తే, నేను మీలో మనిషిని కాదు అని చెప్పినట్టు. పిలకాయల చేత కూడా అట్నే చెప్పించినారు మీరు."

టీచరమ్మ గడప మీదే కూర్చుండిపోయారట. బడికి రాని పిల్లల కోసం ఆ వారంలోనే ఎవరినో పంపి అడిగించారు గానీ, కారణం ఆమెకు ఎవరూ చెప్పలేదు. చివరికి అడిగారట. "మళ్లీ వల ఎప్పుడేస్తారు?"

"రేపే గదమ్మా."

"రేపు ఆదివారం."

"అవునమ్మా. మాకు అన్నీ ఒకటే."

 టీచరమ్మకు ఆదివారం అంటే ఏమిటో విడవలూరులో అందరికీ తెలుసు. జ్వరంలో కూడా చర్చి మానని మనిషి.

ఆ ఆదివారం తర్వాత మా పాళెంలో ఏ ఆడపిల్లా పదో తరగతి మధ్యలో ఆగిపోలేదు. నా తర్వాతి పిల్లల్లో టీచర్లున్నారు, బ్యాంకులో ఉన్నారు, పోలీసు ఉద్యోగంలో ఒకతి ఉంది. సెలవులకు వస్తే అందరూ ఒడ్డుకు పోయి తాడు మీద చెయ్యి వేసేవాళ్లే. చదువుకున్నామని ఎవరం సిగ్గుపడి దూరం జరగలేదు. దీన్ని నేను గర్వంగానే చెబుతున్నాను. టీచరమ్మకు ఒళ్లు మండితే మండనీ.

ఆ ఆదివారం పొద్దున్నే వచ్చారామె. చర్చికి కట్టుకునే తెల్ల చీరలో, గొడుగు లేకుండా, చెప్పులు ఇసక మొదట్లోనే విడిచిపెట్టి. అప్పటికే వల లోపల ఉంది, తాళ్లు బిగుస్తున్నాయి. నేనూ నా స్నేహితురాలూ చేపలు ఆరబోసే చోటు నుంచి లేచి నిలబడ్డాం. క్షమించమని ఆమె ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు. నేరుగా పెద్దనాయన దగ్గరకు పోయి అడిగారు.

"ఏ పక్క పట్టాల?"

ఆయన ఆమెను పైనుంచి కిందిదాకా చూశాడు. ఆ చీరనూ చూశాడు. "దక్షిణం పక్క" అన్నాడు.

పట్టారు. అలవాటు లేని చేతులు. వెనకాల మా అమ్మ నిలబడింది. అల వచ్చినప్పుడు ఎప్పుడు ఆగాలో, పోయేటప్పుడు ఎప్పుడు లాగాలో అమ్మ చెబుతుంటే, ఆమె తలూపుతూ లాగారు. చీర నడుము దాకా తడిసింది. అరచేయి తోలు లేచింది. ఎవరో, "చాల్లేమ్మా, కూసోండి" అన్నా వినలేదు. వల పూర్తిగా ఇసక మీదకు వచ్చేదాకా తాడు వదల్లేదు.

కుప్పలు పెట్టారు. పెద్దనాయన ఆమె వాటాను మిగతావాళ్లకు పెట్టినంతే పెట్టించాడు. ఎక్కువా లేదు, తక్కువా లేదు. రెండు కానాగంత చేపలు, పైన దోసెడు నెత్తళ్లు. ఆమె వంగి, తెల్ల చీర కొంగు ఇసక మీద పరిచి, చేపలను ఒక్కొక్కటీ ఎత్తి అందులో వేసుకున్నారు. నెత్తళ్లు ఒక్కటి కూడా వదల్లేదు. కొంగు మూట కట్టుకుని లేచి నిలబడి, అప్పుడు అన్నారు.

"నా వాటా నేను తీసుకున్నా పెద్దాయనా. బళ్లో మీ ఆడపిలకాయల వాటా కూడా ఉండాది. తాడు పట్టింది వాళ్లే గదా ఇన్నేళ్లూ. వాళ్లు రాకుంటే అది నేనెవురికియ్యాల?"

 పెద్దనాయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడం అయ్యాక కూడా గుడ్డ మొహం మీదే ఉంచుకున్నాడు. తర్వాత మా వైపు చూసి, కోపంగా ఉన్నట్టే అన్నాడు.

"ఏందిమే గమ్మున నిలబడుకోనుండారు? టీచరమ్మ ఒక్కతే పోతుండాది. పోండి, ఇంటి దాకా దిగబెట్టి రాండి."

మేం పరుగెత్తాం. మా వెనక మిగతా ఆడపిల్లలూ వచ్చారు. విడవలూరు వీధిలోకి వచ్చేసరికి చర్చి వదిలారు. తెల్ల చీరల్లో, ఇస్త్రీ చొక్కాల్లో జనం మెట్లు దిగుతున్నారు. ఏ ఆదివారమూ మానని మనిషి, నడుము దాకా తడిసి, ఇసక కొట్టుకుపోయి, కొంగులో చేపలతో ఎదురొస్తుంటే అందరూ ఆగిపోయారు. పాస్టరమ్మ గారు దగ్గరకు వచ్చి, "ఏందక్కా ఇది? చేపలు కావాలంటే ఎవురితోనైనా కొనిపించుకోవచ్చు గదా?" అన్నారు.

"కొన్నియ్యి కాదమ్మా," అన్నారు టీచరమ్మ. "తాడు పట్టినా. నా వాటా ఇది."

అని, తల ఎత్తి, అందరి మధ్య నుంచీ నడిచారు. కొంగులోంచి ఉప్పునీళ్లు కారి మట్టిలో చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. మేమంతా ఆ తడి వెంబడే నడిచాం.